పోలారావు పేరు మీద

రాత్రి ఎనిమిదికి క్లాసు.
సరిగ్గా ఎనిమిదికే పెదవాల్తేరులో కరెంటు పోతుంది.
పది నిమిషాలు ఫోను హాట్‌స్పాట్ మీద
చీకట్లో స్పానిష్ చెబుతాను,
తెర వెలుగు నా గడ్డం దాకే.

పదకొండు గళ్ళు.
నర్సింగు పిల్లలు నలుగురు, షిప్‌యార్డు వెల్డరు,
రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన,
ఎందుకు నేర్చుకుంటున్నారో ఎంతడిగినా చెప్పరు.
చివరి గడి నల్లన.
కింద తెల్లటి అక్షరాలు: పోలారావు.
ఓడలో ఆయిలర్. కయావో రేవు దాకా వెళ్తాడట.
మూడు నెలలుగా మొహం లేదు, మాట లేదు.
హోంవర్కు మాత్రం ఠంచనుగా,
రూళ్ళ కాగితం మీద నీలి సిరా,
ఫొటో అంచున ఎప్పుడూ
ఏదో చిన్న మెరుపు, చేప పొలుసులాంటిది.

మొదటిరోజు నేనిచ్చిన ధైర్యం ఇంతే:
మేజాబల్లలో వాళ్ళ మేసా ఉంది.
తువాలు వాళ్ళ తోఆయకి దూరపు చుట్టం.
జ్ఞానం కింద ఒత్తుగా నలిగిపోయిన మన ఞ కి
అక్కడ రోజూ కూలి దొరుకుతుంది:
మఞాన, నిఞో, ఎస్పాఞా.
వాళ్ళకి ‘ఉండటం’ రెండు రకాలు.
నేను టీచర్ని అనడానికి ఒకటి,
నేను వాల్తేరులో ఉన్నాను అనడానికి ఇంకోటి.
మనం మొదటిదానికి క్రియే వాడం.
లెక్కల మాస్టారు కళ్ళజోడు తీశారు.
“అయితే అక్కడ సున్నా ఉందన్నమాట.”

గురువారం పటం తెరిచి
పసుపు బొమ్మని మెడ పట్టి ఎత్తి
కాదిస్ ఊరి మీద వదిలాను.
కాళ్ళాడించుకుంటూ చేపల బజార్లో దిగింది.
అక్కడ పట్టపగలు.
ఏ సంవత్సరం పగలో.
పాలరాతి బల్ల మీద మంచు, మంచు మీద చేపలు,
వెనక ఏప్రను కట్టుకున్న ఆవిడ,
మొహం మసక.
“పెస్,” అన్నాను, “నీళ్ళలో ఈదేది.
పట్టి ఒడ్డున వేశాక పెస్కాదో.”
ముందుకి నొక్కబోతుంటే

“ఆగండమ్మా.”

ఆడగొంతు.
నల్ల గడి చుట్టూ పచ్చగీత వెలిగింది.

“నాను ఎర్నమ్మనండి. ఆడు ఓడ మీదున్నాడు, నెట్టు రాదు.
డబ్బులు కట్టేసినాం గదాని నాను కూకుంతన్నాను.
రాసిందంతా ఫొటో తీసి పంపుతాను,
రేవు తగిల్నప్పుడు సూసుకుంతాడు.”

ఎవరూ నవ్వలేదు.
వెల్డరు మ్యూట్ తీసి “జాలారిపేటా?” అన్నాడు.
“పెదజాలారిపేట.
ఆ మాట బాగుందమ్మా. సచ్చిన సేప అన్లేదు,
పట్టిన సేప అన్నారు. మేం అమ్మేదీ అదే.
ఆ మూల్ది పెద్దది సెయ్యండోసారి.”

చేశాను. చేప చదరాలు చదరాలుగా విడిపోయింది.

“కన్ను లోపలికి పోనాది. నిన్నటిది.
నిన్నటిది అని ఆ బాసలో ఏటంటారు?”
“ఎస్ దె అయేర్.”
ఆమె అంది. మళ్ళీ అంది.
మూడోసారికి అందులోంచి నేను పోయి
బేరం వచ్చి కూర్చుంది.
నా వెబ్‌సైట్లో నొక్కితే పలికే మాటలు నాలుగు వందలున్నాయి,
అన్నీ నా గొంతుతోనే, అన్నీ శుభ్రంగా,
ఒక్కదాంట్లోనూ ఆ విసురు లేదు.
మాస్టారు కిలో ఎంతకిస్తుందో కనుక్కోమన్నారు.

“మరి ఆయమ్మ మొగం ఎందుకు సెరిపేసినారు?
నిన్నటి సేప అమ్మిందనా?”
“ఎవరూ గుర్తుపట్టకుండా.”
“సేతులు ఉంచేసినారు గదమ్మా.”

చూశాను. నిజమే.
ఎడమ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుంది.
ఈ బజారుకి ఏడు బ్యాచుల్ని తీసుకొచ్చాను,
ఎప్పుడూ చూళ్ళేదు.

తొమ్మిదింటికి గళ్ళు ఒక్కొక్కటే రాలిపోయాయి.
నల్లటిది మిగిలింది. ఆపడం మర్చిపోయినట్టుంది.
లోపల కత్తి పీట మీద గీరుతున్న చప్పుడు,
ఎవరినో కసురుతోంది “ఎస్ దె అయేర్!”
ఎవరో చిన్నపిల్ల నవ్వు.
బయట ఐసు లారీ వెనక్కి తిరుగుతూ
వాయించే ట్యూను
ముందు నా కిటికీలోంచి,
రెండు క్షణాలాగి
పోలారావు పేరు కిందనుంచి.

నేనూ కట్ చెయ్యలేదు.